సూర్యుడు రాని ఊళ్ళలో పుట్టిన పిల్లలు

ఒంగోల్లో నేను పనిచేసే ఆసుపత్రికి జబ్బేమీ లేకుండా వచ్చేవాళ్ళు కొందరుంటారు. కొడుకునో కూతుర్నో వెంటబెట్టుకొచ్చి, ఓపీ అయిపోయేదాకా బయట బల్ల మీద కూర్చుని, ఆఖర్న లోపలికొస్తారు. "అమ్మా, నువ్వు రష్యాలో చదివావంట గదా. మావాణ్ణి గూడా పంపాలనుకుంటన్నాం. ఆ చలికి తట్టుకుంటాడంటావా?" దర్శి నుంచి, కనిగిరి నుంచి వస్తారు, కావలి నుంచి కూడా వచ్చారు. అందరూ ముందు అడిగేది చలి గురించే. ఆ తర్వాత ఫీజు, ఆ తర్వాత తిండి.

చలికి జవాబు చెప్పడం తేలిక. మంచి కోటు, మంచి బూట్లు, లోపల ఉన్ని బట్టలు ఉంటే మైనస్ ఇరవైలో కూడా హాయిగా నడవొచ్చు. గదుల్లో హీటింగ్ ఎంత గట్టిగా ఉంటుందంటే, జనవరిలో కూడా మేం కిటికీ పైనుండే చిన్న తలుపు తీసిపెట్టుకుని పడుకునేవాళ్ళం. ఆ ఊళ్ళలో కుర్రాళ్ళని కుంగదీసేది చలి కాదు. మరేంటన్నది ఓపీ గదిలో అయిదు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది అర్ఖాంగెల్స్క్‌లో. మాస్కో నుంచి ఉత్తరానికి రైల్లో దాదాపు ఒక రోజు ప్రయాణం. ఉత్తర ద్వినా నది తెల్ల సముద్రంలో కలవబోయే చోట, 1584లో పుట్టిన రేవు పట్నం. కలప, ఓడలు, కాగితం మీద బతికే ఊరు. నొవొద్విన్‌స్క్ వైపు నుంచి గాలి తిరిగితే పేపరు మిల్లు గంధకం వాసన మా క్లాసుల్లోకి కూడా వచ్చేది. డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేది పది దాటాక, కుంకేది రెండింటికి. ఆ కాసేపూ మేం లోపల తరగతుల్లోనో వార్డుల్లోనో ఉండేవాళ్ళం. మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మ చీమకుర్తి నుంచి ఫోన్ చేస్తే మాకు తొమ్మిదిన్నర. కెమెరా కిటికీ వైపు తిప్పి చూపిస్తే, "ఏమ్మే, ఇంకా తెల్లారలా?" అని ప్రతిసారీ అడిగేది. అన్నం తింటున్న మనిషికి నడిరేయి చూపించినట్టుండేది.

ఆ చీకటి ఒంటికేం చేస్తుందో డాక్టరుగా చెబుతాను. పొద్దున కంట్లో పడే వెలుగే మన ఒంట్లోని గడియారాన్ని రోజూ సరిచేస్తుంది. ఆ వెలుగు లేకపోతే నిద్ర ముందుకో వెనక్కో జారిపోతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసులో అసలే నిద్ర ఆలస్యంగా వస్తుంది కాబట్టి వాళ్ళకి ఇంకా ఎక్కువ జారుతుంది. తెల్లవారుజాము దాకా మెలకువ, మధ్యాహ్నం దాకా మత్తు, తీపి మీదికి నాలుక లాగడం, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం. చలికాలంలో వచ్చి వసంతంలో పోయే ఈ దిగులుని 1984లో అమెరికాలో నార్మన్ రోజెంథాల్ బృందం ఒక జబ్బుగా గుర్తించి రాసింది. పొద్దున్నే అరగంటసేపు పది వేల లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) దీపం ఎదుట కూర్చోబెడితే చాలామందికి తెరిపినిస్తుంది. డి విటమిన్ సంగతి వేరే. ఆ అక్షాంశాల్లో చలికాలం నెలల తరబడి, ఎండ కనపడిన రోజు కూడా, చర్మం ఆ విటమిన్‌ని తయారు చేసుకోలేదు. మన ఛాయవాళ్ళకి మరీ కష్టం. పంపే తల్లిదండ్రులు పచ్చళ్ళ డబ్బాలతో పాటు ఈ మూడు సంగతులూ కట్టి పంపాలి: వెళ్ళగానే రక్తపరీక్ష, డాక్టరు చెప్పిన మోతాదులో డి విటమిన్, గదిలో ఒక మంచి దీపం. జూన్ వస్తే ఇదంతా తిరగబడుతుంది. అర్ధరాత్రి కూడా పుస్తకం చదవగలిగేంత వెలుగుంటుంది. నిద్రపోవాలంటే కిటికీ అద్దాలకి అల్యూమినియం కాగితం అంటించుకోవాల్సిందే.

మేం చదువుకోడానికి వెళ్ళినవాళ్ళం. డిగ్రీ చేతికొస్తే ఇంటికొచ్చేస్తాం. ఆ నమ్మకం ఉన్నన్నాళ్ళూ చీకటిని ఎట్టాగో నెట్టుకురావచ్చు. మరి అక్కడే పుట్టిన పిల్లల సంగతేంటి? ఈ ప్రశ్న నాకు ఒక నర్సు వల్ల పట్టుకుంది.

సర్జరీ పోస్టింగులో మా వార్డులో నా ఈడుదే ఒకమ్మాయి ఉండేది. సొంతూరు వోర్కుతా. ఉత్తర ధ్రువవలయానికి పైన, ఉరల్ కొండల దాపున, బొగ్గు కోసం కట్టిన పట్నం. రాత్రి డ్యూటీల్లో టీ తాగుతూ ఆమె చెప్పేది. వాళ్ళ తాత ఉక్రెయిన్ నుంచి గనుల్లో పనికి వచ్చాడంట, అయిదారేళ్ళు చేసి డబ్బు కూడబెట్టుకుని వెనక్కి పోదామని. ఇల్లంతా ఆ మాట మీదే నడిచిందంట. మంచి సామాన్లు కొంటే డబ్బాల్లోనే ఉంచేవాళ్ళు, వెళ్ళాక దక్షిణాన కొత్తింట్లో వాడుకోడానికి. ఆమె తండ్రి ఆ డబ్బాల మధ్యే పెరిగాడు, ఆమె కూడా పెరిగింది. "ఎక్కడికో పోవడానికి సర్దుకున్న ఇంట్లో నేను పుట్టాను" అంది.

ఈ ఊళ్ళ పుట్టుకే అట్టాంటిది. వోర్కుతా, నొరిల్‌స్క్ లాంటివి స్టాలిన్ కాలంలో ఖైదీల చేత కట్టించిన ఊళ్ళు. నొరిల్‌స్క్‌లో పని 1935లో మొదలైంది, శిబిరంలోని ఖైదీలే గనులు తవ్వారు, ఫ్యాక్టరీలు లేపారు. 1953లో దానికి నగరం హోదా వచ్చింది. ఖైదీల కాలం పోయాక మనుషుల్ని జీతంతో రప్పించారు. ఉత్తరాది భత్యం, ఏటా పెరిగే అదనపు శాతం, ఎక్కువ సెలవులు, రెండేళ్ళకోసారి సెలవు ప్రయాణం ఖర్చు, అయిదేళ్ళు ముందే పెన్షను. ఈ ఏర్పాట్లు ఇప్పటికీ చట్టంలో ఉన్నాయి. మనుషులు వచ్చారు, లక్షల్లో వచ్చారు. వచ్చినవాళ్ళంతా పెద్దవాళ్ళు, లెక్క చూసుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ చీకటికి, చలికి, పొగకి ఒక ధర ఉంది, అది బ్యాంకులో పడుతోంది. పిల్లలు మాత్రం ఏ లెక్కా చూసుకుని రాలేదు. వాళ్ళక్కడ పుట్టారంతే. పెద్దవాళ్ళకి అది క్యాంపు, పిల్లలకి సొంతూరు. ఊహ తెలిసినప్పటి నుంచి "ఇక్కడేముంది, బాగా చదివి బయటపడు" అన్న మాట వింటూ పెరిగిన పిల్లకి, తను పుట్టిన నేల మీద ఎట్టాంటి మనసుంటుంది? వెళ్తే ఇల్లు వదిలిన దిగులు, ఉంటే ఓడిపోయానన్న దిగులు. నాకు తెలిసినంతలో ఆ ఊళ్ళ కుర్రకారుని తినేసేది ఈ రెండింటి మధ్య నలగడమే. చీకటి దానికి తోడవుతుంది, అంతే.

అంకెలు కూడా అదే చెబుతాయి. 1989 జనాభా లెక్కల్లో వోర్కుతా పట్నంలో లక్షా పదహారు వేల మంది. 2021 లెక్కల్లో దాదాపు 57 వేలు. చుట్టూ గనుల పక్కన కట్టిన చిన్న ఊళ్ళయితే కొన్ని పూర్తిగా ఖాళీ. అపార్టుమెంట్లు దాదాపు ఊరికే ఇచ్చినట్టు అమ్ముకుంటారు. 2016 ఫిబ్రవరిలో అక్కడి సెవెర్నయా గనిలో మీథేన్ పేలి 36 మంది చనిపోయారు, కాపాడటానికి దిగినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. మా నర్సు అప్పటికి ఇల్లు వదిలి కాలేజీలో చేరింది. తన క్లాసులో చదివిన పిల్లల్లో ఒకమ్మాయి నాన్న ఆ గనిలో పోయాడంట. "ఆ వారం నేను ఊళ్ళో లేను. ఉండాల్సింది" అని ఆ ఒక్క మాట రెండు మూడు సార్లు అంది. నేనేమీ అనలేకపోయాను.

అయితే ఆమె తన చిన్నతనం గురించి చెప్పినదంతా దిగులు కాదు. అది రాయకపోతే అన్యాయం. బాలవాడిలో చలికాలం పిల్లలందరినీ చడ్డీల మీద నిలబెట్టి, కళ్ళకి నల్ల అద్దాలు పెట్టి, మధ్యలో అతినీలలోహిత దీపం వెలిగించేవాళ్ళంట. ఎండ లేని లోటు తీర్చడానికి సోవియట్ కాలం నుంచి ఉత్తరాది బాలవాడుల్లో ఉన్న పద్ధతి అది. ఆ దీపం చుట్టూ చేతులు చాపి గుండ్రంగా నిలబడటం ఆమెకి ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం. మంచు తుఫాను ముదిరితే పొద్దున్నే రేడియోలో, టీవీలో ఏ తరగతి దాకా బడి లేదో చెప్పేవాళ్ళు. చలి ఇన్ని డిగ్రీలు, గాలి ఇంత వేగం అని లెక్క ఉంటుంది. చిన్న తరగతులకి ముందు సెలవు, ఇంకా ముదిరితే పెద్ద తరగతులకి కూడా. ఆ సెలవుల్లో పిల్లలంతా ఏదో ఒక ఇంట్లో చేరేవాళ్ళు, ఏ తల్లి డ్యూటీలో లేకపోతే ఆ తల్లి అందరికీ వండేది. ఊరు పెద్దవాళ్ళకి క్యాంపే అయినా, పిల్లల విషయంలో మాత్రం కొందరు పట్టుబట్టి దాన్ని ఊరు చేశారు.

దీన్ని నేను కళ్ళారా చూసింది మూర్మాన్‌స్క్‌లో. ధ్రువవలయానికి పైనున్న నగరాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. అయినా 1989లో 4 లక్షల 68 వేలున్న జనాభా 2021కి 2 లక్షల 70 వేలకి దిగింది. అక్కడ డిసెంబరు మొదట్లో అస్తమించిన సూర్యుడు మళ్ళీ జనవరి రెండో వారానికి గానీ దిక్చక్రం మీదికి రాడు. కొండలడ్డం కాబట్టి ఊళ్ళోకి కనిపించడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది. సెలవుల్లో నేనూ, మా సీనియర్ అక్కా రైలెక్కి వెళ్ళాం. జనవరి ఆఖర్న ఒక కొండ మీద సూర్యుడికి స్వాగతం చెప్పే పండగ చేస్తారు. ఆ కొండ పేరే సూర్యుడి కొండ.

మేం వెళ్ళేసరికే జనం నిండిపోయారు. పలచటి అట్లు కాల్చి మధ్యలో తియ్యటి చిక్కటి పాలు పోసి మడిచిస్తున్నారు, పక్కన పెద్ద సమోవార్లలో టీ. ఏడెనిమిదేళ్ళ పిల్లలు పసుపు కాగితంతో చేసిన కిరీటాలు టోపీల పైన పెట్టుకుని పాటలు పాడుతున్నారు. వాళ్ళ టీచరమ్మ చేతులకి గ్లవుజులు లేవు, అకార్డియన్ వాయిస్తోంది, వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. దక్షిణాన కొండ అంచు ముందు గులాబీ రంగుకి తిరిగింది, తర్వాత రాగి రంగుకి. ఒక చిన్న ముక్క పైకొచ్చింది. మన అరచేతిలో బొటనవేలి గోరంత. పిల్లలు ఒక్కసారిగా అరిచారు. నా పక్కన పదిహేడేళ్ళుంటాయేమో ఒక కుర్రాడు, చెవులకి ఇయర్‌ఫోన్లు, అంతవరకూ ఫోన్లోంచి తలెత్తనివాడు, ఇయర్‌ఫోన్లు తీసేసి చూస్తూ ఉండిపోయాడు. నాకు మా ఇంట్లో సంక్రాంతి పొద్దున నాయన తలంటు పోసుకుని తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకోవడం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అట్టాంటి పండగలు, దీపాలు ఏడాదికోసారి వచ్చేవి. రోజూ పిల్లల్ని నిలబెట్టేవి వేరే ఉన్నాయి. అర్ఖాంగెల్స్క్‌లో మా హాస్టల్ వెనక పాత అపార్టుమెంట్ల మధ్య ఒక ఖాళీ స్థలం ఉండేది. నవంబరులో చలి ముదరగానే ఒకాయన, పోర్టులో పనిచేసేవాడు, రాత్రి పదకొండింటికి రబ్బరు గొట్టం తెచ్చి ఆ స్థలమంతా నీళ్ళు పట్టేవాడు. పలచగా ఒక పొర, అది గడ్డకట్టాక ఇంకో పొర. ఒకేసారి ఎక్కువ పోస్తే ఐసు ఉబ్బెత్తుగా లేస్తుందని, పగులుతుందని వరసగా కొన్ని రాత్రులు అదే పని. చుట్టూ చెక్కలు కొట్టి, స్తంభానికి ఒక లైటు కట్టి వదిలేవాడు. అంతే, మార్చి దాకా సాయంత్రాలన్నీ అక్కడ హాకీ. కర్ర పొడవు కూడా లేని పిల్లల దగ్గర్నుంచి డ్యూటీ దిగి వచ్చిన మిల్లు కుర్రాళ్ళ దాకా. ఎవరూ టికెట్టు పెట్టలేదు, ఎవరూ కోచింగ్ అనలేదు. చలికాలం బడిలో ఆటల పీరియడ్ అంటే స్కీయింగే. సంగీతం బడులు, ఆటల బడులు, కల్చర్ హౌసులు సోవియట్ కాలంలో ప్రతి ఫ్యాక్టరీ ఊళ్ళో కట్టినవి చాలాచోట్ల ఇంకా తక్కువ ఫీజుతో నడుస్తున్నాయి. చీకట్లో గదిలో ఒంటరిగా కూర్చునే పిల్లవాడికీ, అదే చీకట్లో లైటు కింద పదిమందితో ఆడే పిల్లవాడికీ ఒంట్లో జరిగేది ఒకటి కాదు. మందుల షాపులో దొరకని చికిత్స అది, నేను నమ్మి చెబుతున్నాను.

అది లేనిచోట ఏం జరుగుతుందో కూడా చూశాం. అత్యవసర విభాగంలో శనివారం రాత్రుళ్ళు వచ్చే కేసుల్లో కుర్రాళ్ళే ఎక్కువ, తాగి మంచులో పడి వేళ్ళు గడ్డకట్టినవాళ్ళు, కొట్టుకున్నవాళ్ళు. తమకి తాము హాని చేసుకున్నవాళ్ళు కూడా. రష్యా ఉత్తరాది ప్రాంతాల్లో ఆత్మహత్యలు ఎక్కువన్నది వైద్యలోకంలో చాలాకాలంగా తెలిసిన సంగతే. మాటలు తక్కువ అక్కడ. మగపిల్లలకి మరీ తక్కువ. ఆడపిల్లలు ముందే వెళ్ళిపోతారు, ఎందుకంటే గనిలో, ఫ్యాక్టరీలో వాళ్ళకి పని తక్కువ. రష్యాలోనే కాదు, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తరాన కూడా ఇదే వరస. మిగిలిన మగపిల్లలు తండ్రి చేసిన పనిలోకే దిగుతారు. ఆ పని ఉన్నన్నాళ్ళే ఆ ఊరు. నార్వే సరిహద్దు పక్కన నికెల్ అనే ఊళ్ళో లోహం కరిగించే ఫ్యాక్టరీని 2020 డిసెంబరులో మూసేశారు. ఆ పొగ పోయినందుకు చెట్లకి మంచిదే, మనుషుల ఊపిరితిత్తులకీ మంచిదే. కానీ ఊరి పేరే లోహం పేరైన చోట, అది ఆగిపోయిన మర్నాడు పద్దెనిమిదేళ్ళవాడు పొద్దున లేచి ఏమనుకోవాలి?

దీనికి ఎదురుగా స్వీడన్‌లో కిరూనా ఉంది. 1900లో ఇనుప గని కోసం కట్టిన ఊరు. గని లోతుకి పోయేకొద్దీ పైన నేల కుంగుతోందని 2004లోనే ఊరినే పక్కకి జరపాలని తేల్చారు. కొత్త సెంటరు కట్టారు, ఇళ్ళు మార్చారు. 1912లో కట్టిన చెక్క చర్చిని 2025 ఆగస్టులో విప్పకుండానే చక్రాల మీదికెత్తి దాదాపు అయిదు కిలోమీటర్లు నడిపించారు. దారి పొడుగునా పిల్లల్ని భుజాలకెత్తుకుని జనం నిలబడ్డారు. అక్కడ గొడవలు లేవని కాదు. తాతల ఇళ్ళు పోయాయని బాధపడేవాళ్ళున్నారు, రెయిన్‌డీర్లు మేపుకునే సామి జనం నేల పోతోందని పోరాడుతున్నారు. అయినా ఆ ఊరి పిల్లలకి పెద్దలు చేతల్లో చెప్పింది ఒకటుంది: మనం ఇక్కడే ఉంటున్నాం.

వెళ్ళడం తప్పని నేననను. అర్ఖాంగెల్స్క్ వాళ్ళకి శాస్త్రవేత్త లొమొనోసొవ్ అంటే ప్రాణం. పక్కనే ఖొల్మొగొరీ దగ్గర పల్లెలో 1711లో పుట్టినవాడు, చేపలు పట్టే ఇంటి పిల్లవాడు. 1730లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, చదువు కోసం చేపల బళ్ళ వెంట మాస్కో వెళ్ళిపోయాడు. ఆయన విగ్రహం యూనివర్సిటీ ముందుంది. వెళ్ళినవాడికి విగ్రహం పెట్టారు, బాగానే ఉంది. ఊళ్ళోనే ఉండి రాత్రిళ్ళు ఐసు రింకుకి నీళ్ళు పట్టినాయన్ని కూడా పిల్లలకి చూపించాలంటాను నేను.

ఇంతదూరం ఎందుకు చెప్పానంటే, మాది చీమకుర్తి.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో మా ఊరు. మా రాయి అందరికీ తెలుసు, బ్లాక్ గెలాక్సీ. నల్లటి నునుపు మీద బంగారు చుక్కలు. విమానాశ్రయాల్లో, హోటళ్ళలో ప్రపంచమంతా పరిచి ఉంటుంది, పుట్టేది మాత్రం మా చీమకుర్తి, రామతీర్థం చుట్టూనే. నాయన పొదిలి వైపు వానల్లేని పల్లె నుంచి తొంభైల్లో వచ్చాడు, క్వారీల దగ్గర డీజిలు, స్పేరుపార్టుల కొట్టు పెట్టాడు. నాలుగేళ్ళు చేసి పొదిల్లో ఇల్లు కట్టుకుందామని వచ్చాడు. నేనూ, తమ్ముడూ పుట్టింది, పెరిగింది చీమకుర్తిలోనే. వోర్కుతా అమ్మాయి డబ్బాల ఇంటి సంగతి చెప్పినప్పుడు నాకు ఒక్కసారిగా మా ఇల్లు కనపడింది. అమ్మ పెళ్ళినాటి ఇత్తడి బిందెలు మా ఇంట్లో ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి, పొదిలి ఇంటి కోసం.

మా బళ్ళో టీచర్లు, ఇంట్లో అమ్మానాన్నలు, బస్సులో కండక్టరు కూడా చెప్పే మాట ఒక్కటే: "చదవకపోతే క్వారీలో దిగాల్సొస్తది." ప్రేమతోనే అంటారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో చూసినవాళ్ళు కాబట్టే అంటారు. సిలికోసిస్ ఒకసారి వచ్చిందంటే వెనక్కి పోదు, డాక్టరుగా ఆ భయాన్ని నేను కొట్టెయ్యను. కానీ మార్కులు రాక, డబ్బు లేక, తల్లికి బాగోలేక ఊళ్ళోనే ఉండిపోయిన కుర్రాడి చెవిలో ఆ మాట జీవితాంతం మోగుతూనే ఉంటుంది.

మొన్నామధ్య ఒకబ్బాయి వచ్చాడు. వివరాలు మార్చి చెబుతున్నాను. పాలిషింగ్ యూనిట్లో రాత్రి షిఫ్టు చేస్తాడు. గుండె పట్టేస్తోందని వచ్చాడు. ఈసీజీ బాగుంది, ఎక్స్‌రే బాగుంది. "ఏం కాలేదు, భయపడబాకు" అని పంపించెయ్యొచ్చు. నిద్ర ఎట్టా పడుతోందని అడిగాను. పగలు రేకుల షెడ్డులో నిద్ర పట్టదు, లేచేసరికి చీకటి పడుతుంది, మళ్ళీ డ్యూటీ. ఎండ చూసి ఎన్నాళ్ళయిందిరా అంటే నవ్వాడు. మన ప్రకాశం జిల్లాలో, ఎండకి రోళ్ళు పగిలే చోట, ఒకడికి ధ్రువాల చీకటి! పదో తరగతి వాట్సాప్ గ్రూపులో స్నేహితులంతా హైదరాబాదు, బెంగళూరు ఫొటోలు పెడతారంట, తను గ్రూపు మ్యూట్‌లో పెట్టాడంట. "ఏం జెప్పేది మేడం, ఊళ్ళోనే ఉన్నానని జెప్పాల్నా?" అన్నాడు. ఛాతీలో నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో నాకు అప్పుడు తెలిసింది. షిఫ్టు మార్చమని ఓనరుకి చీటీ రాసిచ్చాను. పొద్దున ఇంటికొచ్చేముందు పావుగంట ఎండలో నడవమన్నాను. వారానికోసారి వచ్చి కూర్చుని మాట్లాడమన్నాను. వస్తున్నాడు.

మనవాడికి ఇల్లన్నా ఉంది. ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, రాజస్థాన్ నుంచి వచ్చిన పిల్లలకి క్వారీ పక్కన రేకుల గది, ఫోను, అంతే. రష్యా ఉత్తరాదిలో కూడా ఇప్పుడు ఊళ్ళు కట్టడం తగ్గించి, నెల పనికి నెల ఇంటికి అన్నట్టు విమానాల్లో మనుషుల్ని తెచ్చి తిప్పుతున్నారు. మన దగ్గర విమానాల బదులు రైలు జనరల్ బోగీలు. ఆ పిల్లలు జ్వరమొస్తే తప్ప ఆసుపత్రికి రారు, మనసు బాగాలేదని ఏ భాషలో చెప్పుకుంటారు?

రష్యాకి పిల్లల్ని పంపే అమ్మానాన్నలకి కూడా ఇక్కడే ఒక మాట. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డు అనే బ్యాంకు కార్డుల కంపెనీలు అక్కడ పని ఆపేసినప్పుడు ఇంటి నుంచి డబ్బు రాక మా జూనియర్లు పడిన అవస్థ నాకు తెలుసు. అయినా వాళ్ళని డబ్బు ఇబ్బంది కంటే ఎక్కువ నలిపింది, "అప్పు చేసి పంపాం, నువ్వు అధైర్యపడితే ఎట్టా" అన్న మాట. దిగులుగా ఉందని ఫోన్లో ఒక్కసారి చెప్పినవాడు మళ్ళీ చెప్పడు. వాడు చెప్పినప్పుడే వినండి. చదువు మధ్యలో తిరిగొచ్చినా ఇంట్లో చోటుందని వాడికి తెలిస్తే, తిరిగి రావాలన్న తొందర తగ్గుతుంది. మన దేశంలోనే ఉన్నవాళ్ళకయితే, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ ఉంది, 14416. ఫోను ఉచితం, రోజంతా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మా ఓపీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను.

చీమకుర్తి విషయానికొస్తే, డబ్బు లేదనడానికి లేదు. గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టాలని 2015లో చట్టం తెచ్చారు. గనుల లీజుదారులు రాయల్టీకి అదనంగా అందులో జమచెయ్యాలి. ఆరోగ్యం, చదువు, తాగునీరు, పిల్లల సంక్షేమం దాని మొదటి పనులని ఆ పథకంలోనే రాసుంది. మాకు రోడ్లు కావాలి, కాదనను, లారీలు తిరిగే రోడ్డు పక్క బతుకు ఎట్టాంటిదో మాకు తెలుసు. దాంతో పాటు సాయంత్రం ఆరు నుంచి పది దాకా లైట్లు వెలిగే ఒక ఆటస్థలం కావాలి, షిఫ్టు దిగినవాడు కూడా వచ్చి ఆడుకునేట్టు. తెలుగు, ఒడియా, హిందీ పుస్తకాలూ పేపర్లూ ఉండి రాత్రి దాకా తెరిచుండే ఒక లైబ్రరీ కావాలి. ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక్కరోజన్నా మనసు డాక్టరు కూర్చోవాలి. ఆడపిల్లలకి ఆ ఆటస్థలంలో వాళ్ళ గంట వాళ్ళకి ఉండాలని మా అమ్మ చెప్పి రాయించింది.

కలెక్టరు గారికి ఇవ్వడానికి అర్జీ తయారుచేశాం. తమ్ముడు కాపీలు తీయించి నాయన కొట్లో పెట్టాడు. చీమకుర్తి, రామతీర్థం, సంతనూతలపాడు వైపు వాళ్ళెవరన్నా ఆ దారిన పోతుంటే ఒక్క నిమిషం ఆగి చదవండి. సరే అనిపిస్తే సంతకం పెట్టండి. మేం రాయనిది మీకేమన్నా తోస్తే, కింద సగం కాగితం ఖాళీ ఉంచాం, మీ చేత్తోనే రాయండి. ఒడిశా పిల్లల కోసం హిందీలో కూడా ఒక కాపీ ఉంది.